నీళ్ళు జర ఎక్కువ వాడుతరు

మూతకు 24 రోజులు

పైగది ఖాళీ అయింది. గది ఖాళీ అయిన రోజు నుంచి యజమాని పుస్తకం రాయాలని వార్డు నిబంధన. వచ్చినవాళ్ళ పేరు, మాటపెట్టె చెప్పిన తీర్పు, గది ఇచ్చామా లేదా. అంతవరకే రాయాలట. నాకు అంతవరకే రాయడం చేతకాదు. ముప్పై ఒక్క ఏళ్ళు ఈ ఎర్రగుట్ట లోపలికి గాలి తెచ్చే ఫ్యాన్లు చూసుకున్నాను. ఫ్యాను నంబరు, అది చేసిన చప్పుడు, నేను చేసిన పని, ఈ మూడూ రోజూ రాసినవాణ్ణి. చప్పుడు రాయకుండా పని ఒక్కటే రాస్తే తరవాత వచ్చేవాడికి ఏం తెలుస్తుంది?

ఈ రోజు వచ్చింది ఒక్కడే. పేరు నిశాంత్. నాలుగో వరసలో విత్తనాల ఆఫీసు గుమాస్తా. చొక్కాకి ఒక్క ముడత లేదు. వేలు పెట్టగానే పెట్టె "అభ్యంతరం లేదు. తొంభై ఎనిమిది" అంది. ఆ పెట్టె పద్నాలుగేళ్ళుగా మా గోడలో ఉంది. కిరాయికి వచ్చిన మనిషి గురించి అంతకుముందు ఇంటివాళ్ళు చెప్పిన మాటలన్నీ దాని కడుపులో ఉంటాయి. అంత పెద్ద నంబరు అది చెప్పగా నేను ఎన్నడూ వినలేదు.

మా ఇంట్లో పెట్టె తరవాత ఇంకో పరీక్ష ఉంది. మా ఆవిడ సుగుణ వచ్చినవాళ్ళకు గ్లాసు నిండా నీళ్ళు ఇస్తుంది. గుట్టలో పాతవాళ్ళందరి ఇళ్ళలోనూ ఇదే పద్ధతి. ఒక్క గుక్క చాలంటే ఒక్క గుక్కే పోస్తారు, తప్పేం లేదు. నిండా పోయించుకుని సగం వదిలేసినవాడికి మాత్రం గది ఇవ్వరు. నిశాంత్ రెండు గుక్కలు తాగి, గ్లాసు అరుగు మీద పెట్టి, మళ్ళీ దాని వంక చూడలేదు.

సుగుణ నా వంక చూసింది. నాకు అర్థమైంది.

"ఏమనుకోకు తమ్మీ. ఈ మూతకు మా అల్లుడు వస్తనన్నడు. మొన్ననే మాటిచ్చినం," అన్నాను.

మాకు పిల్లలు లేరు. అల్లుడు ఎక్కణ్ణించి వస్తాడు? ఇంటి యజమాని నోట్లో ఇలాంటివి రెండు మూడు ఎప్పుడూ సిద్ధంగా ఉంటాయి. ఎదుటివాణ్ణి నొప్పించకుండా గుమ్మం దాటించడానికి పనికొస్తాయి. గుమాస్తా బుద్ధిగా తలూపి వెళ్ళిపోయాడు.

"నీళ్ళు పారబోసేటోడు వాడు. నీ పెట్టెకు కండ్లు లేవు," అంది సుగుణ. గ్లాసులో మిగిలింది తీసుకెళ్ళి పుదీన కుండీలో పోసింది.

మూతకు 21 రోజులు

ఇద్దరు వచ్చారు. మొదటివాడి దగ్గర రామచిలుకలు ఆరు. అవి కూడా గాలి పీలుస్తాయి కదా అంటే, తక్కువ పీలుస్తాయన్నాడు. ఫ్యాన్ల మనిషికి గాలి లెక్క చెప్పాడు. పెట్టె నలభై ఒకటి అంది, నా పని తేలికైంది. రెండో వాళ్ళు మొగుడూ పెళ్ళాం. మంచం ఏ గోడకు వేయాలో మా ముందే కొట్లాడుకుని, గది అడగడం మరిచిపోయి వెళ్ళిపోయారు.

తొందర పెరుగుతోంది. మూత రోజున గుట్ట తలుపులు మూస్తే ఎనభై రోజుల వరకు తెరవరు. బయట రాయి మీద చెయ్యి పెడితే బొబ్బ లేచే కాలం అది. తలుపులు పడేలోపు ఎవరి పేరు మీద గది ఉందో వాళ్ళే లోపల ఉంటారు. మూత దాకా గది ఖాళీగా ఉంచితే వార్డువాళ్ళే ఎవరినో తెచ్చి పెడతారు. నా ఇంట్లో నాకు నచ్చని మనిషితో ఎనభై రోజులు ఉండటం నా వల్ల కాదు.

మూతకు 19 రోజులు

పొద్దున్నే తలుపు కొట్టిన చప్పుడు. తీస్తే గంగామణి.

"గుర్తువట్టినవా కాకా?"

పట్టకుండా ఎలా ఉంటాను? కొత్త పెళ్ళికూతురిగా వచ్చి నాలుగేళ్ళు మా పైగదిలోనే ఉంది. పుట్టగొడుగుల గదుల్లో పని చేసేది. మొగుడు భూమన్న కాలవ రిపేర్లకు పోయేవాడు. వాళ్ళు వెళ్ళి పన్నెండేళ్ళయింది. కాలవ క్యాంపులో క్వార్టర్సు ఇచ్చారని వెళ్ళారు. నాలుగేళ్ళకు క్యాంపు ఎత్తేశారని ఎవరో చెబితే విన్నాను. ఆ తరవాత ఏమయ్యారో నేను కనుక్కోలేదు.

భూమన్న ఆమె వెనక నిలబడి ఉన్నాడు. నన్ను చూసి నవ్వాడు గాని మాట రాలేదు. ఎడమ చెయ్యి ఊరికే వేలాడుతోంది.

"పోయిన మూతల ఎండ తలిగింది కాకా. కాలవ పక్కన సిమెంటు పైపుల ఉన్నం. పైన మన్ను కప్పుకున్నం గాని ఆగలే. ఇంకో మూత బయట పడితే మనిషి దక్కడన్నడు డాక్టరు."

"మరి ఇన్నేండ్లు లోపలికి ఎందుకు రాలేదు బిడ్డా?"

"రాకేం? ఎనిమిదేండ్ల సంది తిరుగుతున్నం. ఇంటోళ్ళందరు మంచిగనే మాట్లాడుతరు. పెట్టె కాడికి వచ్చేసరికి ఎవరికో ఒకరికి అల్లుడు వస్తడు," అని నవ్వింది. నేను నవ్వలేదు.

సుగుణ నీళ్ళు తెచ్చింది. గంగామణి రెండు గుక్కలు తాగి మిగిలింది భూమన్న నోటికి పట్టింది. అతని గడ్డం మీదికి జారిన చుక్కల్ని అరచేత్తో తుడిచి, ఆ చెయ్యి తన మెడకు రాసుకుంది. గ్లాసులో అడుగు తడి కూడా లేదు. "పైకి పోయి గది ఊడుస్త," అని సుగుణ చీపురు అందుకుంది.

పెట్టె మీద గంగామణి వేలు పెట్టింది.

"అభ్యంతరం ఉంది. పదకొండు."

పెట్టె అభ్యంతరం చెబితే నాకు ఇష్టమున్నా గది ఇవ్వడానికి వీల్లేదు. కారణం కిరాయిదారుకు చెప్పరు. యజమానికి మాత్రం పెట్టె రేకు కింద చిన్న తెర మీద కనిపిస్తుంది. తెరిచి చూశాను. కారణం: నీటి దుబారా. చెప్పినవారు: లింబాద్రి, ఏడో వరస. చెప్పినవారి నమ్మిక: వంద.

లింబాద్రి అంటే నేనే.

"ఏమన్నది కాకా?"

"పెట్టె సతాయిస్తున్నది బిడ్డా. రెండు మూడు రోజులు ఆగు," అన్నాను.

మూతకు 18 రోజులు

ఇక్కడ రాయకపోతే ఇంకెక్కడా రాయలేను.

గంగామణి వాళ్ళు వచ్చిన రెండో ఏడు. మూడో వరసలో, గుట్ట పైనుంచి వెలుతురు దిగే బావి వైపు కిటికీ ఉన్న గది వాళ్ళకు దొరికేటట్టు ఉందని తెలిసింది. ఆమె పనికి కూడా దగ్గర. మాకు అంతకుముందు వచ్చినవాళ్ళలో ఒకడు గోడకు మేకులు కొట్టేవాడు, ఒకామె రోజుకో తగువు పెట్టుకునేది. గంగామణి మాత్రం బియ్యం కడిగిన నీళ్ళు కూడా కిందికి తెచ్చి సుగుణ పుదీన కుండీలో పోసేది. భూమన్న నాతో పాటు కూర్చుని ఫ్యాన్ల చప్పుడు విని, ఇది పన్నెండు, ఇది తొమ్మిది అని గుర్తుపట్టేవాడు. అలాంటి మనుషులు వెళ్ళిపోతారంటే నాకు అన్నం సహించలేదు.

మా కాలంలో ఇంటివాళ్ళకు ఒక కిటుకు ఉండేది. వెళ్ళాలనుకున్నవాడు చెడ్డవాడైతే, వాణ్ణి వదిలించుకోవడానికి దేవుడని పొగుడుతాం. మంచివాడైతే, ఎవరూ ఎగరేసుకుపోకుండా చిన్న వంక పెడతాం. పెద్దదేం కాదు, అవతలివాడు కాస్త వెనకాడేటంత. ఇది అందరికీ తెలిసిందే కాబట్టి వినేవాడు కూడా సగం తీసేసి వినేవాడు.

ఆ ఏడే పెట్టెలు వచ్చాయి. మూడో వరస గది గురించి నన్ను అడిగింది మనిషి కాదు, పెట్టె. నేను మనిషికి చెప్పినట్టే చెప్పాను. "మనుషులు మంచోళ్ళే. నీళ్ళు జర ఎక్కువ వాడుతరు."

దానికి సగం తీసేసి వినడం రాదు. ఈ గుట్టలో నీళ్ళ మాటను మించిన మాట లేదని నాకు తెలియదా? తెలిసే, అదైతే ఆగుతారని అన్నాను. గది తప్పిపోయింది. ఇంకో రెండేళ్ళు మా దగ్గరే ఉన్నారు. నేను సంబరపడ్డాను.

మూతకు 16 రోజులు

పెట్టెల్లోని మాటలు చూసుకునే మాట కచేరీకి వెళ్ళాను. అక్కడి రైటరు పేరు ఇంద్రసేన్. సరిగ్గా తొమ్మిదో ఫ్యాను కింద కూర్చుంటాడు, అందుకని తలకు ఉన్ని టోపీ. బేరింగు అరుస్తోందని చెబితే, రెండు నెలల కిందటే రాసిచ్చానన్నాడు.

"అప్పుడు అబద్ధం చెప్పినని ఇప్పుడు చెప్తున్నరు. గంతేనా?"

"గంతే సారూ."

"ఎందుకు చెప్పిండ్రు?"

"వాళ్ళు మంచోళ్ళని."

అతను రాయడం ఆపాడు. "మంచోళ్ళని చెడ్డగ చెప్పిండ్రా?"

"పోతరని. మంచి కిరాయిదార్లు పోతే మళ్ళ దొరకరు గద."

టోపీ సర్దుకుని, "మా నాయన గూడ గట్లనే చెప్తుండె," అన్నాడు మెల్లగా. నాకు ప్రాణం లేచి వచ్చింది. నీళ్ళ మీటరు లెక్కలు చూడమన్నాను. మీటర్లు పెట్టింది వాళ్ళు వెళ్ళిన తరవాత. మా ఆవిడతో చెప్పిస్తానన్నాను. ఇల్లు ఎవరి పేరున ఉందో వాళ్ళ మాట ఒక్కటే చెల్లుతుంది, ఇల్లు నా పేరున ఉంది. చివరికి నా మాటే కాగితం మీద రాసి, వేలు వేయించుకున్నాడు. వారంలో తేలుతుందట.

మూతకు 14 రోజులు

గంగామణి వాళ్ళు గుట్ట వాకిలి బయట రేకుల షెడ్డులో ఉన్నారు. సుగుణ వాళ్ళకు రొట్టెలు కట్టి, "ఇంకెన్ని రోజులు సతాయిస్తది ఆ పెట్టె? నాలుగు తన్ను," అంది. చెప్పక తప్పలేదు. చెప్పాను.

చాలాసేపు రొట్టెల మూటకు ముడి వేస్తూనే ఉంది.

"నా పుదీనకు నాలుగేండ్లు నీళ్ళు పోసింది ఆ పిల్ల. దాని మీద నీళ్ళ మాట ఏసినవా?"

"గప్పుడు గిట్ల అయితదని తెల్వది."

"ఏం తెల్వది? నీళ్ళ మాట అంటే ఏందో నీకు తెల్వదా?"

అప్పటి నుంచి అన్నం పెడుతుంది, కంచం తీస్తుంది, అంతే. ఇంట్లో ఫ్యాను ఆగిపోయినట్టు ఉంది.

మూతకు 9 రోజులు

కచేరీకి రమ్మన్నారు. తీర్పు చెప్పింది ఇంద్రసేన్ కాదు, అతని వెనక గోడలో ఉన్న పెద్ద పెట్టె.

"లింబాద్రి గారూ, మీరు పద్నాలుగేళ్ళ క్రితం అబద్ధం చెప్పినట్టు మీరే ఒప్పుకున్నారు. ఈ రోజు నుంచి మీ నమ్మిక సున్నా."

"సంతోషం. ఆ పాత మాట తీసెయ్యి."

"ఆ మాట చెప్పిన నాడు మీ నమ్మిక వంద. అది అబద్ధమని చెబుతున్న ఈ మాటకు నమ్మిక సున్నా. సున్నా ఉన్న మాటతో వంద ఉన్న మాటను కొట్టివేయడం కుదరదు."

నేను మళ్ళీ చెప్పాను. అది మళ్ళీ అదే చెప్పింది, అదే మర్యాదతో. పాడైన యంత్రం అయితే ఎక్కడో ఒక చోట గొంతు మారుతుంది. దీనికి ఏ మార్పూ లేదు, అంటే అది బాగానే పని చేస్తోంది.

"నాకు అర్థమైతది కాకా. దానికి కాదు," అన్నాడు ఇంద్రసేన్. నన్ను వాకిలి దాకా దిగబెట్టాడు. అతనికి అంతకంటే చేతనైంది లేదు.

మూతకు 7 రోజులు

పన్నెండో ఫ్యాను గొట్టంలో మనిషి పాకేంత చోటు ఉంది. ఈ గుట్టలో ఆ సంగతి నాకు తెలిసినంత ఎవరికీ తెలియదు. మూత రోజున ఫ్యాన్లు గేరు మార్చడానికి పావుగంట ఆపుతారు. ఆ పావుగంటలో ఇద్దర్ని లోపలికి లాగవచ్చు. రెండు రోజులు ఇదే ఆలోచించాను.

లోపలికి వచ్చాక ఏం చేస్తారు? ప్రతి గదిలో గాలి లెక్కపెట్టే మీటరు ఉంది. ఇద్దరి పేరున్న ఇంట్లో నలుగురు పీలిస్తే గంటలో వార్డువాళ్ళు వస్తారు, మూత మధ్యలో తలుపు తీసి బయటికి నెడతారు. అలా నెట్టినవాళ్ళు సాయంత్రం దాకా కూడా ఉండలేదు. ఆ మీటర్లు బిగించింది నేనే. దొంగ పని చేయడానికి వీల్లేకుండా బిగించావని నాకు అప్పట్లో సన్మానం కూడా చేశారు. శాలువా ట్రంకు పెట్టెలో ఉంది.

మూతకు 5 రోజులు

షెడ్డుకు వెళ్ళి గంగామణికి చెప్పాను. సుగుణ కూడా వచ్చింది, కాని పక్కన నిలబడిందే తప్ప నా తరఫున ఒక్క మాట అనలేదు. భూమన్న గోడకు ఆనుకుని నిద్రపోతున్నాడు.

తిడుతుందనుకున్నాను. తిట్టాలని కోరుకున్నాను. ఆమె నేల మీద ఒక గడ్డిపోచ తీసి తుంచుతూ కూర్చుంది.

"ఆ మూడో వరస గదికి కిటికీ ఉండె కాకా. నేను పరదా గుడ్డ గూడ కొనుక్కున్న."

"తెల్సు బిడ్డా."

"మేం పోతమని గట్ల చెప్పినవా?"

"అవును."

"ఒక్కసారి ఉండుండ్రి అంటే ఉందుము గద కాకా."

నాకు నిజంగా ఆ మాట తోచలేదు. వంక పెట్టడం తోచింది, అబద్ధం తోచింది, ఉండండి అని అడగటం మాత్రం తోచలేదు. ఏడుపు వచ్చింది, ఆపుకోలేదు. సుగుణ కొంగు నాకు ఇవ్వలేదు, గంగామణికి ఇచ్చింది.

కాసేపటికి ఆమే లేచింది. కొత్తగుట్ట ఇక్కడికి రెండు రోజుల బండి దారి. అక్కడ తలుపులు మనకంటే అయిదు రోజులు ఆలస్యంగా మూస్తారు. అక్కడ కొన్ని ఇళ్ళలో ఇంకా పెట్టెలు పెట్టలేదు, యజమానులే ఫోను చేసి కనుక్కుంటారట.

"నీ నంబరు ఇస్త. ఎవరన్న అడిగితే జర మంచిగ చెప్పు కాకా," అంది. వంద ఉన్నప్పుడు నన్ను ఎవరూ అంత నమ్మలేదు.

మూతకు 2 రోజులు

పైగది నిండింది. నమ్మిక లేని యజమానికి మనిషిని ఎంచుకునే హక్కు లేదట, పెట్టే ఎంచింది. సామాను మోయించుకుంటూ నిశాంత్ వచ్చాడు. చొక్కాకి ఒక్క ముడత లేదు.

"మీ అల్లుడు రాలేదా అంకుల్?" అని అడిగాడు. ఎగతాళి కాదు, నిజంగానే అడిగాడు.

రాలేదన్నాను. సుగుణ అతనికి నీళ్ళు ఇవ్వలేదు.

మూత, మొదటి రోజు

తలుపులు పడ్డాయి. ఫ్యాన్లు గేరు మారాయి. పన్నెండో ఫ్యాను పావుగంట కాదు, పద్దెనిమిది నిమిషాలు ఆగింది. లెక్కపెడుతూ కూర్చున్నాను. ఊరికే.

మూత, నాలుగో రోజు

మధ్యాహ్నం ఫోను మోగింది. కొత్తగుట్ట నుంచి ఒకామె. పేరు లచ్చుబాయి. గొంతు మంచిదే. వెనక ఎవరో గిన్నెలు తోముతున్న చప్పుడు, మధ్యమధ్య నీళ్ళు పొదుపుగా పోస్తున్న చప్పుడు. సుగుణ వచ్చి నా పక్కన నిలబడింది. రొట్టెలు కట్టిన రోజు తరవాత అంత దగ్గరగా నిలబడటం ఇదే.

"గంగామణి, భూమన్న అని ఇద్దరు వచ్చిండ్రు అన్నా. మీ కాడ నాలుగేండ్లు ఉన్నరట. ఎట్లాంటి మనుషులు? ఎల్లుండికి మా తలుపులు మూస్తరు, జర తొందరగ చెప్పు."

నేను చెప్పాను. బియ్యం కడిగిన నీళ్ళ సంగతి చెప్పాను. గ్లాసు అడుగు తడి లేకుండా తాగడం చెప్పాను. నాలుగేళ్ళలో గోడకు ఒక్క మేకు కొట్టలేదని, ఒక్క తగువు లేదని, భూమన్న చెయ్యి పడిపోయినా ఎవరికీ బరువు కాడని, అలాంటి మనుషులు నాకు మళ్ళీ దొరకలేదని చెప్పాను. ఇంత నిజం ఒకే ఊపిరిలో నేను ఎన్నడూ మాట్లాడలేదు. సుగుణ నా భుజం మీద చెయ్యి వేసింది.

గిన్నెల చప్పుడు ఆపమని ఆమె ఎవరికో చెప్పింది.

"గంత మంచోళ్ళయితే నువ్వే ఎందుకు పెట్టుకోలే అన్నా?"

"పెట్టె ఒప్పుకోలే అమ్మా."

"ఎందుకు ఒప్పుకోలే?"

"నీళ్ళు ఎక్కువ వాడుతరని వాళ్ళ మీద మాట ఉన్నది."

"ఎవరు చెప్పిండ్రు?"

సుగుణ చెయ్యి బిగుసుకుంది. ఇక్కడ ఇంకో అబద్ధం ఆడవచ్చు. ఎవరో తెలియదని అనవచ్చు. కాని నీళ్ళ మాట అప్పటికే ఆమె చెవిన పడింది.

"నేనే చెప్పిన. అది అబద్ధం. వాళ్ళు పోతరని చెప్పిన."

"అంటే అప్పుడు అబద్ధం చెప్పినవ్. ఇప్పుడు నిజం చెప్తున్నవ్."

"అవునమ్మా. ఒట్టు."

లచ్చుబాయి గొంతు చాలా మర్యాదగా మారింది. ఆ మర్యాద నాకు బాగా తెలుసు.

"మంచిదన్నా. ఏమనుకోకు. మా మరిది కొడుకు ఈ మూతకు వస్తనన్నడు. వాని సంగతి తేలినంక చూస్తం," అని ఫోను పెట్టేసింది.

మళ్ళీ చేశాను. ఎత్తలేదు. సాయంత్రం దాకా చేస్తూనే ఉన్నాను. సుగుణ తులసికోట దగ్గర కూర్చున్నట్టు పుదీన కుండీ దగ్గర కూర్చుంది, లేవలేదు.

మూత, ఆరో రోజు

కొత్తగుట్ట తలుపులు ఈ రోజు మూశారు. వాళ్ళు ఏ వైపు ఉన్నారో తెలియదు. తెలుసుకునే దారి లేదు.

గది పుస్తకం ఈ పేజీతో వార్డుకు ఇచ్చేయాలి. పాత అలవాటు ప్రకారం రాస్తున్నాను.

గది: పైది. ఉన్నవారు: నిశాంత్, తొంభై ఎనిమిది.

చప్పుడు: పొద్దుటి నుంచి పైన కుళాయి నడుస్తూనే ఉంది. పళ్ళు తోముకుంటూ ఫోను మాట్లాడుతున్నాడు.

చేసిన పని: ఏమీ లేదు.